ఇంటి పెద్దల నోరు - మనము పండించు తిండి



సంతలో ఎద్దును కొనబోవునపుడు మీరు మొట్టమొదట చేయు పని దాని నోరు తెరచి చూచుట. పాలపళ్ల కోడెయా, రెండు పళ్లు వేసినదా, నాలుగు వేసినదా, 8 పళ్లును వేసి అరిగిపోవుచున్నదా యని పెదవి ఎత్తి చూచిన పిమ్మటనే బేరమాడుదురు. పళ్లరిగిన ఎద్దు మేత సరిగా నమలలేదనియు, మేత నమలలేని ఎద్దు కాడి లాగలేదనియు మీకొకరు చెప్పనక్కరలేదు. అట్టి పశువు మీ కొట్టములో నున్నచో చొప్పను సన్నగా నరికి, తవుడు తడిపి ముందు పెట్టుదురు. మంచిదే. కాని మీ ఇంటిలో 70 ఏండ్లు దాటిన మీ తండ్రిగారి నోటిలో ఇప్పుడెన్ని పళ్లున్నవో మీరు చెప్పగలరా? మీ తల్లిగారు జొన్నరొట్టె తినుట మానివేసి ఎన్ని నెలలైనదో మీకు తెలియునా?

నేను వైద్యుడను కాను. విత్తనము, ఎరువు, పురుగుమందు - ఇవి నా పని. ఈ విషయము వ్యవసాయాధికారి ఏల వ్రాయవలెనని కొందరికి తోచవచ్చును. గింజ గాదెకు చేరుటతో మన బాధ్యత తీరినదని నేననుకొనను. ఆ గింజ తినువాని నోట నలిగి, ఒంటికి పట్టవలెను. ఇంటిలో పప్పు, వేరుశెనగ, ఆకుకూరలు సమృద్ధిగా నుండగా, ఆ ఇంటి పెద్దవారే బలమైన తిండి లేక చిక్కిపోవుట నేను తిరిగిన గ్రామములలో పలుమార్లు చూచితిని. అది పంట లేక వచ్చిన లోటు కాదు, నమలలేక వచ్చిన లోటు.

గత సంవత్సరము వేరుశెనగ పొలములు చూచుటకు ఒక గ్రామమునకు పోయితిమి. పెద్ద రైతు ఒకాయన నాలుగు చెట్లు పీకి, కాయలు కాల్చి, మాకందరకు దోసెడు దోసెడు పంచెను. తాను మాత్రము ఒక గింజయు నోట వేసికొనలేదు. “మీరు తినరేమి తాతా?” యని మావారిలో ఒకరు అడుగగా “నాకు పడవు బాబూ” అనెను. ప్రక్కనున్న మనుమడు “పడక కాదు సార్, తాతకు దవడపళ్లు లేవు” అని నవ్వెను. ఆ పెద్దాయన నవ్వలేదు. నోటికి పైపంచె అడ్డము పెట్టుకొని ప్రక్కకు తిరిగెను.

పెద్దవారు నమలలేకపోవుచున్నామని నోరు విడిచి చెప్పరు. “ఆకలి లేదు”, “అరగదు”, “ఇష్టము లేదు” అందురు. ఒక్కొక్క పదార్థమే వారి విస్తరినుండి తప్పుకొనుచుండును. మొదట చెరకు, మొక్కజొన్న కంకి, జంతికలు పోవును. తరువాత వేరుశెనగ, జామకాయ, మాంసము పోవును. అటుపిమ్మట రొట్టె. పీచు నలుగదు కనుక ఆకుకూరయు కొన్నాళ్లకు పోవును. చివరకు మిగులునది మెత్తని తెల్లన్నము, చారు, పలుచని మజ్జిగ, మధ్యమధ్య టీలో ముంచిన బిస్కట్టు. ఇంటివారు “ముసలితనము, తిండి తగ్గినది” అనుకొందురు.

దీనిని ఎరువుల లెక్కవలెనే లెక్కవేసి చూడుడు. భారత వైద్య పరిశోధనా మండలి 2020లో ప్రకటించిన ప్రమాణము ప్రకారము పెద్దవారికి కిలో బరువుకు దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావలెను. 50 కిలోల మనిషికి ఇది ఇంచుమించు 41 గ్రాములు. వృద్ధులకు ఇంకను కొంత ఎక్కువ కావలెనని పలువురు నిపుణుల అభిప్రాయము. రెండు పూటలకు కలిపి పావుకిలో బియ్యపు అన్నము తిన్నను దానినుండి లభించునది సుమారు 18 గ్రాములు. రెండు గ్లాసుల పలుచని మజ్జిగలో మూడు నాలుగు గ్రాములకు మించి యుండదు. మొత్తము 22. అనగా కావలసినదానిలో సగమునకు కొంచెము పైగా మాత్రమే. పైరుకు సగము నత్రజని వేసి పూర్తి దిగుబడి రాలేదని ఎవరును ఆశ్చర్యపడరు గదా! అదే మనిషికి 50 గ్రాముల కందిపప్పు మెత్తగా వండిపెట్టిన 11 గ్రాములు, ఒక గుడ్డు పెట్టిన 6 గ్రాములు, ఒక గ్లాసు పాలు ఇచ్చిన మరి 6 గ్రాములు చేరును. లెక్క 45కు వచ్చినది. ఈ మూడింటిలో ఏదియు పళ్లు లేనివారు తినలేనిది కాదు.

మాంసకృత్తులు చాలనిచో కండ కరగును. కండ కరగినవాడు లేచి నిలుచుటకు తడబడును, పడును, తుంటి ఎముక విరుగును. నోటికిని కాలికిని ఇంత దగ్గర సంబంధ మున్నది.

ముసలితనమున పళ్లూడుట సహజమనియు, దానికి మందు లేదనియు మనలో గట్టి నమ్మకము కలదు. ఈ నమ్మకము పొరపాటు. వయస్సు పళ్లను ఊడగొట్టదు. పిప్పియు, చిగుళ్ల జబ్బును ఊడగొట్టును. జపాను దేశమున 1989లో ప్రభుత్వమును, దంతవైద్యుల సంఘమును కలిసి ‘80-20’ అను ఉద్యమము నారంభించిరి. 80 ఏండ్ల వయస్సునకు నోటిలో కనీసము 20 స్వంత పళ్లు మిగులవలెనన్నదే దాని లక్ష్యము. 20 పళ్లున్నచో సాధారణముగా అన్నివిధముల తిండియు నమలవచ్చును. అప్పటికి అది పదిమందిలో ఒకరికైనను లేని భాగ్యము. 2016లో అచ్చట జరిగిన సర్వేలో 80 ఏండ్లవారిలో సగమునకు పైగా 20 పళ్లు కలవారుగా తేలిరి. ఒక్క తరములో ఇంత మార్పు! వారు మనకంటె వేరు మనుష్యులు కారు. చిన్ననాటినుండి తోముకొనుట, ఏటేట చూపించుకొనుట - ఈ రెండే వారి మందు.

తోముకొనుట యనిన మన గ్రామములలో బొగ్గు, ఇటుకపొడి, కచ్చిక, ఉప్పు వాడుచుందురు. ఇవి పంటిపైని గట్టి పొరను గీచివేయును. చిగురు దిగిపోయి పంటి వేరు బయటపడిన పెద్దలకు ఇవి మరింత కీడు. వేపపుల్లను మెత్తగా నమిలి కుంచెవలె చేసికొని వాడిన తప్పులేదు గాని, నమలలేని నోటికి అదియెట్లు సాధ్యము? మెత్తని కుచ్చుగల బ్రష్షును, ఫ్లోరైడు కలిసిన పేస్టును శనగగింజంత తీసికొని ఉదయము, రాత్రి పడుకొనబోవు ముందు వాడుట మేలు. వ్రేళ్లు వంగని పెద్దలకు బ్రష్షు పిడి సన్నమై పట్టు దొరకదు. దానికి పాతగుడ్డ చుట్టి దారముతో బిగించి ఇచ్చిన కొడవలి పిడివలె చేతికి అందును. చక్కెర జబ్బు ఉన్నవారు చిగుళ్ల విషయమున రెండింతలు జాగ్రత్తపడవలెను. చక్కెర పెరిగిన చిగుళ్లు చెడును, చిగుళ్లు చెడిన చక్కెర అదుపులోనికి రాదు.

ఇక పొగాకు సంగతి. పొగాకు మన రైతులకు రొక్కము తెచ్చు పంట. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయము గుంటూరులోనే యున్నది. ఈ మాట వ్యవసాయాధికారి నోట వచ్చుట కొందరికి రుచింపకపోవచ్చును గాని, చెప్పక తప్పదు. చుట్ట, బీడి, ఖైని, గుట్కా - వీనిలో ఏదియైనను చిగుళ్లను పాడుచేసి పళ్లను వదులుచేయును, నోటి పుండ్లకు దారితీయును. తమలపాకులో వేయు వక్కయు నిర్దోషి కాదు. పొగాకు లేకున్నను వక్క నమలుట నోటి క్యాన్సరుకు కారణమగునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 2004లో ప్రకటించినది. పళ్లు లేని అవ్వకు చిన్న రోటిలో ఆకు వక్క దంచి పెట్టు మనుమరాలి ప్రేమను నేను తప్పుపట్టను. ఆ రోటిలో వక్కకు బదులు వేయించిన సోంపు దంచి పెట్టిన ప్రేమ తగ్గదు.

శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల పాఠకులకు ప్రత్యేకముగా ఒక మాట. మీ ప్రాంతమున చుట్టను నిప్పువైపు నోటిలో నుంచుకొని కాల్చు అడ్డపొగ అలవాటు, ముఖ్యముగా పెద్దవయస్సు స్త్రీలలో కలదు. 1971లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో శ్రీకాకుళము జిల్లాకు చెందిన 10,169 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించి, అడ్డపొగ త్రాగువారి అంగిటిలో కలుగు మార్పులను వివరించిరి. వేడియు పొగయు నేరుగా అంగిటికి తగులుటచే అచ్చట తెల్లని మచ్చలు, పుండ్లు, కొందరికి క్యాన్సరు వచ్చును. అంగిటి క్యాన్సరు ఇతర ప్రాంతములలో అరుదు. అడ్డపొగ ఉన్నచోట అరుదు కాదు. నోటిలో ఏ పుండైనను రెండు వారములలో మానకున్నచో, తెల్లని లేక ఎఱ్ఱని మచ్చ కనిపించినచో, నొప్పి లేదుగదా యని ఊరకుండరాదు. మొదట ఇవి నొప్పి పెట్టవు. విశాఖపట్టణము అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి, హైదరాబాదులోని యం.యన్.జె. క్యాన్సరు ఆసుపత్రి ఇట్టివారిని చూచును. మానవలెనని కోరిక యుండియు మానలేనివారు 1800-11-2356 అను ప్రభుత్వ ఉచిత నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చును.

కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములలోను, నల్లగొండ జిల్లాలోను బావి నీటిలోని ఫ్లోరైడుచే పళ్లపై పసుపు, గోధుమరంగు చారలు పడుట అందరు నెరిగినదే. కనిగిరి ప్రాంతపు సంగతి 1937లోనే శాస్త్రజ్ఞులు వ్రాసిరి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు గల నీరు త్రాగుటకు పనికిరాదు. అట్టి గ్రామములలో పెద్దలకును, పసివారికిని పథకపు నీరే ఇయ్యవలెను గాని పాతబోరు నీరు తీయగా నున్నదని దానిని ఇయ్యరాదు.

నమలుట ఒక్కటే నోటి పని కాదు. ఆరోగ్యవంతుని నోటిలో దినమునకు అర లీటరునుండి ఒకటిన్నర లీటరు వరకు లాలాజలము ఊరును. రక్తపోటునకు, నిద్రకు, మనోవ్యాధికి ఇచ్చు కొన్ని మందులచే ఇది ఎండిపోవును. ఎండిన నోట ముద్ద దిగదు, మాట తిరుగదు, పళ్లు త్వరగా పుచ్చును. అట్టివారు మందు తామై మానరాదు, డాక్టరుతో చెప్పవలెను. ముద్దముద్దకు గ్రుక్కెడు నీరు ఉపశమనము.

మ్రింగుట విషయము మనము అసలే పట్టించుకొనము. అన్నము తినుచుండగా పొలమారినచో “ఎవరో తలచుకొన్నారు” అని తలపై తట్టుదుము. ఎప్పుడో ఒకసారి అయిన సరే. పెద్దాయనకు ప్రతి పూటయు పొలమారుచున్నచో తలచుకొన్నవారిని వెదకుట మాని డాక్టరుకు చూపవలెను. నాలుక, గొంతు కండరములు బలహీనపడి తిండియు, నోటి మురికియు ఊపిరితిత్తులలోనికి పోవుచున్నదనుటకు అది గుర్తు. దానినుండి న్యుమోనియా జ్వరము వచ్చును. జపానులో 11 వృద్ధాశ్రమములలో రెండేండ్లు జరిపి 1999లో ప్రకటించిన పరిశీలనలో, భోజనానంతరము ఇతరులు నోరు శుభ్రపరచిన వృద్ధులకు న్యుమోనియా తక్కువగా వచ్చినది. మంచము పట్టినవారికి పళ్లే లేకున్నను తడిగుడ్డ వ్రేలికి చుట్టి చిగుళ్లు, నాలుక తుడువవలెనన్నది ఇందుచేతనే. తినునపుడు వారిని దిండ్లకు ఆనించి నిటారుగా కూర్చుండబెట్టవలెను. పడుకొనియున్నవారి నోట పాలు పోయరాదు.

ఇప్పుడు వంటయింటికి వత్తము. సోదరీమణులు ఇచ్చట ఒక సంగతి గమనింప గోరెదను. మెత్తగా చేయుట వేరు, నీళ్లగా చేయుట వేరు. పళ్లు లేవని అన్నమున మజ్జిగ, మజ్జిగలో నీళ్లు, జావలో మరిన్ని నీళ్లు పోయుచుందురు. కడుపు నిండును, ఒంటికేమియు అందదు. తిండి నలుగవలెను గాని పలుచబడరాదు.

కందిపప్పుగాని పెసరపప్పుగాని అరగంట నానబెట్టి, పూర్తిగా ఉడికిన పిమ్మట పప్పుగుత్తితో ఎనిపిన వెన్నవలె నుండును. ఆకుకూర తినలేరనుకొన్న పెద్దలకు మునగాకు, తోటకూర, బచ్చలి - కాడలు తీసివేసి, ఆకు సన్నగా తరిగి ఆ పప్పులోనే ఉడికించి ఎనుపవలెను. మునగాకు 100 గ్రాములలో 300 మిల్లీగ్రాములకు పైగా సున్నము గలదు. ఎముక బలమునకు అది ముఖ్యము. రాగులలోను 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు గలదు. తెల్ల బియ్యములో ఇది నామమాత్రము. రాగులను ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకలు వచ్చిన పిమ్మట ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించవలెను. మొలక పిండితో కాచిన జావ మామూలు పిండి జావవలె బిగిసిపోదు. కాబట్టి అదే గిన్నెడు జావలో ఎక్కువ పిండి వేయవచ్చును, నీళ్లకు బదులు పాలు పోయవచ్చును. ఈ చిట్కా చంటిపిల్లలకు మనవారు ఎప్పుడో కనిపెట్టినదే, పెద్దలకు వాడుట మరచిరి.

జొన్న తిని పెరిగినవారికి అన్నము తిన్నట్లే యుండదు. తెలంగాణలో జొన్నగట్క యున్నది గదా. జొన్నను రవ్వగా విసిరి, నానబెట్టి, మెత్తగా ఉడికించి, పెరుగుతోగాని పప్పుతోగాని పెట్టిన రొట్టె లోటు తీరును. రొట్టె చేసిన దినమున వేడిరొట్టెను త్రుంచి పాలలోగాని పప్పుకట్టులోగాని నానవేసి ఇయ్యవచ్చును. వేరుశెనగను వేయించి, పొట్టు నలిచి, నువ్వులతో కలిపి మెత్తగా దంచి పొడి చేసిన పళ్లు లేనివారును అన్నములో కలుపుకొందురు. అయితే ముడుచుకొన్న, రంగు మారిన, బూజు పట్టిన గింజలు ఏరివేయుడు. బూజులోని అఫ్లటాక్సిన్ అను విషము కాలేయమునకు హానికరము. కాయలను తేమ 8, 9 శాతము దాటకుండ ఎండించి నిలువచేయుమని మేము చెప్పునది వ్యాపారి కొరకే కాదు, ఇంటివారి కొరకును. గుడ్డును ఉడికించి చిదిపి పప్పులో కలుపవచ్చును. చేప మెత్తని మాంసమే గాని ముళ్లు పూర్తిగా తీసి ఇయ్యవలెను. ఫలములలో అరటి, బొప్పాయి, సపోటా, మామిడి మెత్తనివి. జామను గింజలు తీసి గుజ్జు చేసి ఇయ్యుడు.

పెరటిలో రెండు సెంట్ల స్థలమున్న చాలును. వంటయింటి నీరు, స్నానపు నీరు పారుచోట రెండు అరటి, రెండు బొప్పాయి, గట్టున ఒకటి రెండు మునగ, పందిరిపై బచ్చలి, బీర, సొర. పి.కె.యం. 1 రకపు మునగ గింజ వేసిన ఆరు నెలలకే కాపుకు వచ్చును, ఆకు అంతకుముందే కోయవచ్చును. నాటుకోళ్లు నాలుగున్నచో గుడ్లకు వెదకనక్కరలేదు. గుడ్లన్నియు సంతకు పోవు ఇండ్లను నేనెరుగుదును. దినమునకు ఒక్కటి ఇంట ఉంచుడు.

ఒక హెచ్చరిక. నమలగలిగినవారికి కూడ అంతయు గుజ్జుగా చేసి పెట్టరాదు. పనిలేని ఎద్దు కాళ్లు బిగిసినట్లే, పనిలేని దవడయు, నాలుకయు బలహీనపడును. నాలుగు పళ్లున్నవారిని ఆ నాలుగింటితో నమలనిండు. భజన పాడువారిని పాడనిండు, గట్టిగా పత్రిక చదువువారిని చదువనిండు. నోటి కండరములకు అదియు వ్యాయామమే. అందరితోపాటు కూర్చుండి, అందరు తినునదే మెత్తగా తినునట్లు చూడవలెను గాని, వేరు గిన్నె, వేరు మూల ఇయ్యరాదు. పెండ్లి బంతిలో కూర్చుండుటకు సిగ్గుపడి “నాకు ఒంట్లో బాగులేదు” అని ఇంటనే ఉండిపోవు పెద్దలు ప్రతి గ్రామములోను కలరు.

కట్టుడుపళ్ల గురించి. ఇవి స్వంత పళ్లతో సమానము కావు. పూర్తి సెట్టు కొరుకు బలము స్వంత పళ్లలో సుమారు నాలుగవ వంతు మాత్రమే. మొదటి వారములలో నొప్పి, మాట తడబాటు ఉండును. ఆ మాత్రమునకే విసిగి పెట్టెలో పెట్టివేయువారు ఎందరో! కట్టించిన డాక్టరు వద్దకు రెండు మూడు సార్లు పోయి ఒరయుచోట సరిచేయించుకొనిన చాలవరకు కుదురును. రాత్రి తీసి, కడిగి, చల్లని నీటిలో ఉంచవలెను. వేడినీరు పోసిన వంకరపోవును. సంతలలో, రోడ్డు ప్రక్కన అప్పటికప్పుడు పళ్లు కట్టువారి వద్దకు పోకుడు. వారు ప్రక్క పంటికి, చిగురుకు అంటించి వదలిన మైనపుముద్ద వంటి పదార్థము క్రింద మురికి చేరి ఉన్న పళ్లును పోవును. హైదరాబాదు, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలున్నవి.

గ్రామాధికారులకు ఒక మనవి. 1990లో అమెరికాలో వృద్ధుల నోటి స్థితి తెలిసికొనుటకు 12 ప్రశ్నల పట్టిక ఒకటి తయారైనది. పళ్లెన్ని యని అందులో అడుగరు. ఏమి తినుట మానితివి, మ్రింగుట సుఖముగా నున్నదా, మాటకు ఇబ్బంది కలదా, నోటివలన పదిమందిలోనికి పోవుట తగ్గించితివా, ఇతరుల ఎదుట తినుటకు సంకోచమా - ఇట్టివి అడుగుదురు. దీనికి డాక్టరు అక్కరలేదు. పింఛను అందజేయు దినమున కార్యదర్శిగాని, ఆశా కార్యకర్తగాని ప్రతి పెద్దమనిషిని ఈ నాలుగైదు ప్రశ్నలు అడిగి, అవునన్నవారి పేర్లు ఒక కాగితముపై వ్రాసికొనవచ్చును. మానని పుండు, మచ్చ ఉన్నవారి పేర్లు మొదట వ్రాసి వారిని ఆ వారములోనే ఆసుపత్రికి పంపవలెను. తక్కిన జాబితాను ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరుకు ఇచ్చి, దంతవైద్యుని ఒక దినము గ్రామమునకు రప్పించుమని కోరవలెను. నాట్లు, కోతలు లేని దినములలో శిబిరము పెట్టించిన, వృద్ధులను వెంటబెట్టుకొని వచ్చుటకు ఇంటివారికి తీరిక యుండును.